గొడుగు కొట్టిన గోల్స్

గుమ్మలకోట రాజావారు బంతాట మీద మనసుపడ్డారు. ఊరికే పడి ఊరుకుంటే బాగుండును. కోట పక్కన కొత్తగా పెట్టిన కాలేజీకి ఓ ఫుట్‌బాల్ జట్టు కట్టించి, రోజూ సాయంత్రం ఆ జట్టు మీదకి తనే దిగి ఆడేవారు. బొజ్జ అడ్డమొచ్చి ఆయనకి బంతి కనపడేదే కాదు. అయినా పూటకి పద్నాలుగు గోల్స్‌కి తగ్గేవోరు కాదు.

ఎలాగంటారా? రాజు ఎదురొస్తే తల దించాలి. వీపు చూపించకూడదు. అందుకని కుర్రోళ్లందరూ తల వంచుకుని వెనక్కి వెనక్కి పరిగెత్తి, సొంత గోల్లోకే పోయి పడేవోళ్లు. గోల్ కాసే గున్నేశు రెండు చేతులూ జోడించి స్తంభం పక్కన నిలబడిపోయేవోడు. చేతులు జోడించాక బంతినేం పడతాడు?

ఇదంతా చూసినోడు దాలినాయుడు. రాజావారికి గొడుగు పట్టేది వాడే. ఆటలో కూడా ఆయన ఎటు పరిగెడితే అటు గొడుగెత్తుకుని పరిగెత్తాలి. జల్తారు కుచ్చుల గొడుగు, బండిచక్రమంత.

ఓ పొద్దున కొలువులో రాజావారు అడిగారు.

"వానలు తగ్గంగానే ఐదూళ్ల కాలేజీలతో పోటీలు. మనోళ్లకి ఇదే మొదటేడు. కప్పు వస్తుందా రాదా? ఉన్నదున్నట్టు చెప్పండి."

ఆటల దివాను తాతారావు లేచాడు. ఈయన బంతిని కాలితో తాకిన పాపాన పోలేదు. మెడలో వెండి ఈల, మూతి మీద నిమ్మకాయలు నిలిచే మీసం, అంతే సరుకు.

"రాదన్న మాటే లేదు ప్రభూ. కప్పు పెట్టడానికి బీరువా కూడా చేయించేశాను. తమరితో ఆడి ఆడి రాటుదేలిన జట్టు కదా."

రాజావారు మెడ వెనక్కి తిప్పారు. "నువ్వేమంటావురా దాలినాయుడా? రోజూ నా వెనకే ఉంటావుగా."

దాలినాయుడికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. గెలుస్తారంటే అబద్ధం. ఓడతారంటే రాజావారి గోల్స్ ఉత్తుత్తివని మొహాన చెప్పినట్టు. కాసేపు గొడుగు కర్ర గీరి, గీరి, అన్నాడు.

"అది గొడుగుని బట్టి ఉంటుంది ప్రభూ."

కొలువు కొలువంతా ఘొల్లుమంది.

"గొడుగోణ్ణడిగితే గొడుగంటాడు, వంటోణ్ణడిగితే గరిటంటాడు" అన్నాడు తాతారావు మీసం మెలేస్తూ.

రాజావారు మాత్రం నవ్వలేదు. "రేపు సాయంత్రానికి రుజువు చెయ్యి. చెయ్యలేకపోతే కోట గుమ్మంలో నీ మీసం గొరిగిస్తా. చేశావంటే దివానుగారిది."

దాలినాయుడి చెయ్యి మీసం మీదకి పోయింది. ఆ మీసం చూసే వాడి పెళ్లాం సన్యాసమ్మ అప్పట్లో పెళ్లికి ఒప్పుకుంది. అది పోయిందంటే గుమ్మం ఎక్కనిస్తుందన్న నమ్మకం వాడికి లేదు.

"చిత్తం. అయితే రేపొక్క పూట తమరు ఆడొద్దు ప్రభూ. మైదానం పక్క తాటాకు పందిట్లో తడిక చాటున కూర్చుని చూడండి. ఎవరికీ తెలియకూడదు" అన్నాడు రాజావారి చెవిలో.

మర్నాడు సాయంత్రం జట్టు దిగింది. తాతారావు ఈల నోట్లో పెట్టుకుని గోల్ పక్కన నిలబడ్డాడు, రాజావారొస్తారని ముందే తల వంచుకుని.

మైదానంలో గీతలు గియ్యడానికి సున్నం మోసే గాడిద ఒకటుంది. దాలినాయుడు పందిరి చాటున బంతికి బెల్లం పాకం పూసి దాని ముందు పెట్టాడు. గోల్ వలకి పచ్చగడ్డి మోపు అంతకు ముందే వేలాడదీశాడు. గాడిద నెత్తిన గొడుగు పట్టాడు.

"ప్రభువులు వేంచేస్తున్నారహో" అని ఓ కేక పెట్టాడు.

పదకొండు తలలూ ఒక్కసారే వంగాయి. గాడిద బంతిని నాకుతూ, మూతితో తోసుకుంటూ బయల్దేరింది. గొడుగు నీడ ముందుకొచ్చే కొద్దీ కుర్రోళ్లు వెనక్కి వెనక్కి నడిచారు. ఒకడి కంట నాలుగు కాళ్లు పడ్డాయి. రాజావారికి నాలుగు కాళ్లుంటే అడగడానికి మనమెవరమని వాడు ఇంకాస్త వంగాడు.

గున్నేశు చేతులు జోడించాడు. గడ్డి వాసన తగలంగానే గాడిద ఒక్క ఉరుకు ఉరికింది. కుర్రోళ్లతో సహా బంతి వలలో పడింది.

తాతారావు తలెత్తకుండానే ఈల ఊదాడు.

"ఆహా, ఏం తన్ను తన్నారు ప్రభూ. ఆ పాదం చలవే చలవ. ఇలాంటి గోల్ తమ వంశంలోనే లేదు."

గాడిద ఓండ్ర పెట్టింది.

"గొంతు కాస్త పట్టేసినట్టుంది, మిరియాల కషాయం పంపిస్తాను ప్రభూ" అన్నాడు తాతారావు.

"నేనిక్కడున్నాను దివాన్జీ" అన్నారు రాజావారు తడిక చాటు నుంచి లేచి.

తాతారావు తలెత్తాడు. గాడిద గడ్డి నములుతూ ఆయన్నే చూస్తోంది. ఈల నోట్లోంచి జారి మీసంలో చిక్కుకుంది.

రాజావారి మొహం జేవురించింది. "దాలినాయుడా, నన్నూ గాడిదనీ ఒకటి చేశావురా?"

"నేనెక్కడ ప్రభూ. చేసింది దివానుగారు. నేను గొడుగు పట్టానంతే."

రాజావారు గాడిదనీ గొడుగునీ మార్చి మార్చి చూశారు. తర్వాత నెమ్మదిగా అడిగారు. "నేనీ నెల నాలుగొందల పన్నెండు గోల్స్ కొట్టాను. అందులో నావెన్ని?"

దాలినాయుడు గొడుగు ముడిచాడు.

"ఒకటి ప్రభూ. మొన్న గాలివానకి గొడుగెగిరిపోయిన పూట కొట్టారే, అది. అందరూ తలెత్తి ఆడినా దాన్ని ఎవడూ ఆపలేకపోయాడు."

ముందు రాజావారి బొజ్జ కదిలింది. తర్వాత గడ్డం. తర్వాత ఆయన పందిరి గుంజ పట్టుకుని నవ్విన నవ్వుకి తాటాకులు రాలాయంటే నమ్మండి.

ఈల తీసి దాలినాయుడి మెడలో వేశారు, ఆటల దివానువి నువ్వేనన్నారు. గొడుగు తాతారావు చేతికిచ్చి, గాడిద వెనక నడవమన్నారు, ముందుగా కోట గుమ్మం దాకా, మీసం క్షౌరానికి.

"ఇప్పుడు చెప్పరా కొత్త దివానా, కప్పు వస్తుందా?"

దాలినాయుడు తన మీసం ఓసారి తడుముకుని, గోల్లో గుట్టగా పడున్న జట్టుని చూశాడు.

"ఆశ ఉంది ప్రభూ. ముందు వీళ్లకి ముందుకి పరిగెత్తడం నేర్పాలి."