కొమ్మరాజు తాత కట్ట

తుమ్మలమడుగు అడవిలో దున్నలు, పందులు, కొంగలు, నీటిపిల్లులు ఉండేవి. అడవి మధ్యలో ఒక వాగు, దానికి అడ్డంగా ఓ రాళ్లకట్ట. ఆ కట్ట వేసింది దున్నల పెద్ద కొమ్మరాజు వాళ్ల తాత. అందుకే కొమ్మరాజుకు అంత మిడిసిపాటు.

తొలకరి పడగానే ప్రతి జంతువూ ఆ తాత పేరు చెప్పి కట్టమీద ఒక రాయి పెట్టాలి. అది ఆచారం. కట్ట పెరిగేది, నీళ్లు పైకొచ్చేవి. "మన చెరువు ఇంకా లోతైంది!" అని అన్నీ గంతులేసేవి. అడుగున ఏముందో ఒక్కటీ చూడలేదు. చూడాలన్న బుద్ధి పుడితేగా!

ఆ ఏడు మునకమ్మ అనే నీటిపిల్లి అడ్డం తిరిగింది. "నేను రాయి పెట్టను" అంది.

"ఎంత పొగరే నీకు!" అని కొమ్మరాజు రంకె వేశాడు.

"పొగరే అనుకో మామా. కట్ట దాటలేక చేపలు పైకి రావడం మానేశాయి. నా పిల్లలు ఆకలికి ఏడుస్తున్నాయి. ఈ రాళ్లు తీసేద్దాం, వాగును పారనిద్దాం."

"చెరువు పోతే మేమేమైపోవాలి?" అని కొంగలు గొల్లుమన్నాయి. పాపం, పుట్టినప్పటి నుంచి అవి చూసింది చెరువునే.

"చెరువు ఎక్కడుంది? రోజూ మునిగేదాన్ని, నాకు తెలీదా? పైన మూరెడు నీళ్లు, కిందంతా బురద. మీరు రాయి పెట్టినప్పుడల్లా పెరిగింది ఆ బురదే!" అంది మునకమ్మ.

"మా తాత చెరువును బురద అంటావా? చూడు దీని లోతు!" అంటూ కొమ్మరాజు ఒక్క దూకు దూకాడు.

నడుం దాకా దిగబడ్డాడు. గింజుకున్నకొద్దీ కూరుకుపోయాడు. నీళ్లు ముక్కుదాకా వచ్చాయి.

మునకమ్మ కట్టమీది రాయిని పట్టుకుని అడిగింది. "మామా, ఇది మీ తాత పేరున పెట్టిన రాయి. ఉంచమంటావా, తియ్యమంటావా?"

"తియ్యవే తల్లీ! అన్నీ తియ్యండి!"

పందులు ముట్టెలతో నెట్టాయి. దున్నలు కొమ్ములతో పెకలించాయి. నీళ్లు బురదను ఈడ్చుకుంటూ దిగిపోయాయి. కొమ్మరాజు బతికి బయటపడ్డాడు కానీ, ఒక కొమ్ము రాళ్ల మధ్య విరిగిపోయింది.

మళ్లీ తొలకరి పడింది. చేపలు ఎగురుకుంటూ వాగెక్కాయి. నోటి నిండా చేపలున్న కొంగలు ఇంకేం మాట్లాడతాయి!

అలవాటు కొద్దీ కొమ్మరాజు ఒక రాయి దొర్లించుకొచ్చాడు. మునకమ్మ ఎదురు నిలబడింది. "ఎక్కడ పెడతావు మామా?"

కొమ్మరాజు పారే నీళ్లను చూశాడు. తల దించుకుని రాయిని ఒడ్డునే వదిలేశాడు. మునకమ్మ పిల్లలు దాని మీదెక్కి కూర్చుని కడుపునిండా చేపలు తిన్నాయి.

నీతి: తాతలు పెట్టిన రాయైనా సరే, బతుకుకు అడ్డమైతే తీసెయ్యాల్సిందే.