స్టాప్‌కీ వెయిట్‌కీ తేడా తెలిసిన గోరువంక

అనగనగా అంటే మరీ రాజుల కాలం కాదు పిల్లలూ. ఒక అడవి మధ్యగా తారురోడ్డు వేసి, ఆ రోడ్డు మీద చెక్‌పోస్టు పెట్టిన తరువాతి మాట. చెక్‌పోస్టు పక్కన ఇప్పచెట్టు మీద ఒక గోరువంక ఉండేది. దాని పేరు కిన్నెర.

కిన్నెరకు మాటలంటే మహా ఇష్టం. పొద్దస్తమానం చెట్టు మీద కూర్చుని మనుషులు మాట్లాడుకునేది వినేది. అలా వినీ వినీ రెండు ఇంగ్లీషు మాటలు నేర్చుకుంది. ఒకటి స్టాప్. రెండోది వెయిట్.

ఆ అడవిలోనే కొమ్మయ్య అనే ముసలి దుప్పి ఉండేవాడు. కళ్లకు పొరలు కమ్మి చూపు పోయింది. మంద వేరే కొండకు తరలిపోతే తను వెళ్లలేక ఇక్కడే ఉండిపోయాడు. కిన్నెర అతని వీపు మీద వాలి పిడుదులు ఏరుకుని తినేది. అందుకు బదులుగా దారి చెప్పేది. "కుడికి మామా. రాయి ఉంది మామా. ఆగు మామా." ఆ మాటల మీదే కొమ్మయ్య మేతకు వెళ్లి వచ్చేవాడు.

ఒకరోజు కిన్నెర అంది, "మామా, మనం 'ఆగు' అని ఒకటే మాట అంటాం. మనుషుల ఇంగ్లీషులో దానికి రెండు మాటలున్నాయి."

"ఒక పనికి రెండు మాటలెందుకే?" అన్నాడు కొమ్మయ్య.

"ఒక పని కాదు మామా. కాపలావాడు చెయ్యెత్తి స్టాప్ అంటాడు. లారీ ఆగుతుంది. అడ్డకర్ర లేవగానే పోతుంది. అదే లోపలి ఆఫీసరు వెయిట్ అన్నాడనుకో, వచ్చినవాళ్లు బెంచీ మీద కూర్చుంటారు. తలుపు వైపే చూస్తుంటారు. ఆయన బయటికి వచ్చేదాకా లేవరు."

కొమ్మయ్య నెమరు వేస్తూ ఆలోచించాడు. "అయితే స్టాప్ అంటే కాలు ఆపాలి. అడ్డు తప్పితే మళ్లీ నడవొచ్చు. వెయిట్ అంటే నువ్వు వచ్చేదాకా కదలకూడదు. అంతేనా?"

"అంతే మామా. బాగా పట్టుకున్నావు."

ఆ రోజు నుంచి కిన్నెర ఆగు అనడం మానేసింది.

మర్నాడు దారిలో ఒక గుంట వచ్చింది. "స్టాప్" అంది కిన్నెర. కొమ్మయ్య ఆగాడు. గిట్టతో తడిమి చూసుకుని, గుంటను చుట్టి వెళ్లిపోయాడు.

ఇంకోరోజు నీటిమడుగు దగ్గర రేచుకుక్కల వాసన వచ్చింది. "వెయిట్ మామా, చూసి వస్తా" అని కిన్నెర ఎగిరింది. కొమ్మయ్య ఎండలో, రేగుపొద పక్కన కదలకుండా నిలబడ్డాడు. కిన్నెర తిరిగి వచ్చి, "కుక్కలు పోయాయి, పద. ఎండ మాడ్చేసిందా?" అని అడిగింది.

"నువ్వు వస్తావని తెలుసు కదమ్మా. అంతగా అనిపించలేదు" అన్నాడతను.

తొలకరి వచ్చింది. వాగు అవతల లేతగడ్డి మొలిచింది. వాగులో ఇంకా నీళ్లు లేవు, ఇసుకా రాళ్లూ తప్ప. ఇద్దరూ బయలుదేరారు. సగం దాటేసరికి మద్దిచెట్టు మీద నుంచి చిలకలు పిలిచాయి.

"కిన్నెరక్కా, ఇంగ్లీషు మాటలు నేర్చావట కదా. వాటి తేడా మాకూ చెప్పవా?"

అవతలి గట్టు ముప్పై అడుగులు కూడా లేదు. ముందు మామను గట్టెక్కించి వెళ్లొచ్చు. కిన్నెరకు ఆ సంగతి తెలుసు. అయినా చిలకలు మళ్లీ పిలిచేసరికి మనసు ఆగలేదు.

"వెయిట్ మామా. ఇప్పుడే వస్తా."

"గట్టు ఎంత దూరముందమ్మా?" అని కొమ్మయ్య అడిగాడు. కిన్నెర అప్పటికే ఎగిరిపోయింది.

చిలకలకు లారీ సంగతి చెప్పింది. బెంచీ సంగతి చెప్పింది. ఆఫీసరు గొంతు పెట్టి వెయిట్ అంటే చిలకలు పడీ పడీ నవ్వాయి. ఇంకో గుంపు వచ్చి వాలింది. మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

ఇక్కడ వాగులో ఇసుక చెమ్మగిల్లింది. గట్టు మీది తాబేలు గవరమ్మ చూసి కేక వేసింది. "కొమ్మయ్యా, పైన కొండల్లో వాన పడింది. నీళ్లు వస్తున్నాయి. ఇటు రా."

"కిన్నెర వెయిట్ అంది గవరమ్మా."

"ఆగమందా? ఆగావు కదా. ఇక కదులు."

"స్టాప్ అని ఉంటే ఈపాటికి కదిలేవాణ్ణి. ఇది వేరే మాట. అది వచ్చేసరికి నేను కనబడకపోతే కంగారు పడుతుంది."

నీళ్లు గిట్టలు దాటాయి. గవరమ్మ మళ్లీ పిలిచింది. మోకాళ్లు దాటాయి. మూడోసారి పిలిచింది. అప్పుడు కొమ్మయ్య గొంతు సవరించుకుని, "కిన్నెరా" అని పిలిచాడు. ఆ పిలుపు చిలకల నవ్వుల్లో కలిసిపోయింది.

వాగు హోరు విని కిన్నెర రివ్వున ఎగిరి వచ్చింది. వరదలో కొమ్ములు ఒక్కసారి పైకి కనిపించి మునిగిపోయాయి.

దిగువన ఒక పడిపోయిన చెట్టు వేళ్లలో కొమ్మయ్య చిక్కుకుని ఉన్నాడు. ప్రాణం ఉంది. ముందుకాలు విరిగింది. కిన్నెర అతని తల దగ్గర వాలింది.

"తప్పు నాదే మామా."

"నాకు కోపం లేదమ్మా. ఒక్క సంగతి అడుగుతాను. వద్దామనుకుంటే ఆలస్యమైందా, అసలు మరిచిపోయావా?"

అబద్ధం చెప్పొచ్చు. కిన్నెర చెప్పలేదు. "మరిచిపోయాను."

కొమ్మయ్య నెమ్మదిగా, "తేడా నువ్వు సరిగ్గానే చెప్పావే. స్టాప్‌కి నేనొక్కణ్ణే చాలు. వెయిట్‌కి ఇద్దరం కావాలి" అన్నాడు.

కిన్నెర నాలుగు రోజులు అక్కడే ఉంది. లేత చిగుళ్లు తుంచి నోటికి అందించింది. అతను ఒకటి రెండు నమిలి వదిలేసేవాడు. అయిదో రోజు పొద్దున చిగురు తెచ్చి పిలిస్తే పలకలేదు.

కిన్నెర మళ్లీ ఇప్పచెట్టు మీదికి వచ్చింది. మునుపటిలా మాట్లాడేది కాదు. వాన వెలిసిన ఒక మధ్యాహ్నం ఎక్కడి నుంచో ఒక పికిలిపిట్ట వచ్చి పక్కన వాలింది.

"నీకు రెండు ఇంగ్లీషు మాటలు వచ్చట కదా. నాకు నేర్పుతావా?"

"స్టాప్ నేర్పుతాను" అంది కిన్నెర.

"మరి రెండోది?"

కిన్నెర తడి రోడ్డు వైపు చూసింది.

"రెండోది నాకు రాదు" అంది.

నీతి: మాటకు అర్థం చెప్పగలిగితే చాలదు, ఉండమని చెప్పి వెళ్లినవారు తిరిగి రావాలి.