కిరీటం ఒరిగింది మహారాజా!

పూర్వం ఒక రేవుపట్నంలో పేరిందేవమ్మ అనే దుబాసీ, అంటే రెండు భాషల మధ్య మాటలు అందించే మనిషి, ఉండేది. ఇంగ్లీషు దొరలతో బేరాలాడాలని ఇటలీ నుంచి వచ్చిన కుర్ర వర్తకులకు అన్నం పెట్టి మరీ ఇంగ్లీషులో వ్యాపారపు మాటలు, రాజకీయపు మాటలు నేర్పేది. ఒకనాడు "అపోజిషన్" అనే మాట చెప్పింది. మంత్రి ఆ సంగతి రాజు చెవిన వేశాడు.

రాజు ఆమెనూ శిష్యులనూ సభకు పిలిపించాడు. "ఏలేవాణ్ణి ఎదిరించేవాళ్లకు కూడా ఒక పేరుందని నేర్పుతున్నావట! అందులో మంచేముందో చూపించు. లేదా బడి మూసెయ్యి."

పేరిందేవమ్మ సభవైపు తిరిగింది. "అయ్యలారా, ప్రభువుల కిరీటం ఎలా ఉంది?"

"అద్భుతం!" అన్నారందరూ. మంత్రి అందరికంటే గట్టిగా అన్నాడు.

"క్షమించండి మహారాజా, ఎడమవైపు ఒరిగింది. లేచారంటే పడిపోతుంది," అంది ఆమె.

రాజు తడిమి చూసుకున్నాడు. నిజమే.

"చూశారా నాయనలారా, నేనిప్పుడు చేసిందే అపోజిషన్. కిరీటం పడిపోకూడదని చెప్పానే గానీ, లాక్కోవాలని కాదు," అంది శిష్యులతో.

రాజు కిరీటం సర్దుకుని నవ్వేశాడు. "బడి నడుపుకో తల్లీ. రేపటి నుంచి మా మంత్రినీ పంపుతాను. ఆ ఒక్క మాటా నోరు తిరిగేదాకా వదలకు."