అడుగు చారు

నాంచారమ్మకు అరవై రెండేళ్ళు. ఎవరింట్లో మంచినీళ్ళిచ్చినా, పెరట్లోకి వెళ్ళి వాళ్ళ మురుగు ఎటు పోతోందో చూసి వచ్చాకే తాగుతుంది.

ఆమె నీటి పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరైంది. ఊళ్ళలో మంచినీళ్ళ ప్లాంట్లు నడపబోయే ఆడవాళ్ళు ఆమె దగ్గర పని నేర్చుకుంటారు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పదనీ, ఏదో ఒకటి చేసి ఊరుకుంటుందనీ ఆమె మీద ఫిర్యాదు ఉంది. అలా నేర్చుకున్న ప్రసన్నకూ ఆ ఫిర్యాదే ఉండేది.

ప్రసన్న వాళ్ళది బోరు నీళ్ళతో పళ్ళు గారపట్టే మెట్ట ఊరు. మహిళా సంఘం అక్కడ ప్లాంటు పెట్టి, నడిపే పని ప్రసన్నకు అప్పజెప్పింది. స్థలం ఇచ్చింది ఆమె మామ చెంచురామయ్య. శిలాఫలకం మీద పేరు చెక్కించుకున్నాడు కానీ, సంఘానికి రాసిచ్చిన ఆ స్థలంలో సగం మేర ఆయన గడ్డివామి అలాగే ఉంది.

మర్నాడే ప్రారంభం. ప్లాంటులోని పొర నీళ్ళను వడకట్టి, ఉప్పూ ఫ్లోరైడూ చిక్కబడ్డ నీళ్ళను పక్క పైపులోంచి బయటికి తోసేస్తుంది. ఆ పైపు ఎటు పెట్టాలో ఆ మధ్యాహ్నమే తేలాలి. ప్లంబరు గడ్డపలుగుతో వాకిట్లో కూర్చున్నాడు.

"దిగువ వాడ వైపు వదిలెయ్. వాలు అటే ఉంది. ఊరికే వచ్చే నీళ్ళు, ఆడాళ్ళు అంట్లు తోముకుంటారు" అన్నాడు చెంచురామయ్య, దానం చేస్తున్నవాడిలా.

దిగువ వాడలో ఒకటే చేతిబోరు. నీళ్ళ క్యాను కొనలేని ఇళ్ళన్నీ తాగేది ఆ నీళ్ళే. ఉప్పు నేలలోకి ఇంకితే ఆ బోరు ఇక బాగుపడదు. ప్రసన్నకు ఇది తెలుసు. మామకు ఎదురు చెప్పడం మాత్రం తెలియదు. అందుకే భోజనానికి వచ్చిన నాంచారమ్మను వంటింట్లో పట్టుకుంది.

"పొర ఆపిన విషాన్ని ఎక్కడ పెట్టాలమ్మా?"

"ముందు అన్నం పెట్టు, ఆకలేస్తోంది" అంది నాంచారమ్మ.

ఆ ఇంట్లో చారు కలపరు. గరిటె అడుగుకు తగలకుండా తేట మగవాళ్ళకు పోస్తారు, అడుగున మిగిలింది వండినమ్మకు. ఇన్నేళ్ళూ అది అత్తగారి వంతు. ఆవిడ బీపీతో పోయాక ప్రసన్న వంతైంది.

"ఉప్పేదీ?" అన్నాడు చెంచురామయ్య. ప్రసన్న గిన్నెలో కల్లుప్పు వేసింది. అది కరిగేదాకా ఆగే ఓపిక ఆయనకు లేదు. మళ్ళీ పైపైన తేటే పోసింది. "చప్పగానే ఉందే!" అన్నాడు. ఇంకాస్త వేసింది.

నాంచారమ్మ లేచి గరిటె అందుకుంది. "ఉండమ్మాయ్, అన్నగారికి నేను వడ్డిస్తాను." గరిటె అడుగుదాకా ముంచి, ఆయన అన్నం మీద నిండుగా పోసింది.

ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆయన ముఖం వంకర్లు పోయింది. "థూ! ఇది మనిషి తినేదేనా?"

"ఇన్నేళ్ళూ తిన్నది మనిషే" అంది నాంచారమ్మ.

ఆయన కోడలి మీదికి తిరిగాడు. "కలిపి పొయ్యొచ్చుగా!"

"కలిపితే ఈ ఉప్పులో మీకూ వాటా వస్తుంది మామయ్యా" అంది ప్రసన్న. అన్నాక తనే ఉలిక్కిపడింది. కానీ మాట బయటికి వచ్చేసింది. ఇక మిగతాది చెప్పడానికి పెద్ద కష్టం కాలేదు. చెయ్యి కడుక్కుని వాకిట్లోకి వెళ్ళింది. మామ వెనకే వచ్చాడు.

"ఆ గడ్డివామి తీయించండి. అక్కడ వెడల్పుగా, లోతు లేకుండా మడుగు తవ్వి, మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి ఈ నీళ్ళు ఎండబెడదాం. అది తయారయ్యేదాకా ప్లాంటు ఆన్ చెయ్యను."

"నా పేరున్న చోట ఉప్పు మడుగా? రేపు పెద్దవాళ్ళంతా వస్తుంటే! నీకేమైనా పిచ్చా?"

"మనం తాగే నీళ్ళలోంచి తీసిన ఉప్పే కదా మామయ్యా. మన దగ్గరే ఉండనివ్వండి."

ప్లంబరు ఇద్దరి ముఖాలూ చూసి, గడ్డపలుగు భుజాన వేసుకుని గడ్డివామి వైపు నడిచాడు. మర్నాటి ప్రారంభం ఆగిపోయింది. చెంచురామయ్య కొన్నాళ్ళు కోడలితో మాట్లాడలేదు. చారు మాత్రం కలిపే పోయించుకున్నాడు.

ఆ భోజనం రోజు సాయంత్రమే, నాంచారమ్మ బస్సెక్కబోతుంటే ప్రసన్న అడిగింది. "నేను చేసింది సరైనదేనా అమ్మా?"

"నీళ్ళు ఎండిపోతాయి, ఉప్పు ఉండిపోతుంది. దాన్ని గీకి సంచుల్లో నింపే రోజొకటి వస్తుందిగా. ఆ రోజు పార ఎవరి చేతిలో ఉంటుందో చూసి చెప్తాను" అంది నాంచారమ్మ.

ఎండాకాలంలో ఆమె మళ్ళీ వచ్చింది. ఎండిన మడుగులో పార పట్టుకున్నది దిగువ వాడ మనిషి కాదు. చెంచురామయ్యా కాదు. ప్రసన్నే. అడుగున మిగిలింది ఇంకా వండినమ్మకే. నాంచారమ్మ ప్రసన్న ఇచ్చిన ప్లాంటు నీళ్ళు సగం గ్లాసు తాగి, మిగతా సగం అక్కడే పెట్టి బస్సెక్కింది.