టైరులో వేసిన అడ్డుపొర

అడిగిన ప్రశ్నకు వెంటనే బదులు చెప్పడం నారణప్పస్వామికి అలవాటు లేదు. ఎవరేమడిగినా "చూద్దాంలే" అనేవారు. ఆ ఒక్క మాటకే విసిగి ఆయన ఆశ్రమం వదిలి వెళ్ళినవాళ్ళను నేనెరుగుదును.

ఆశ్రమానికి వచ్చిపోయే ఓబులేసు ఒకరోజు అడిగిన ప్రశ్న ఇది: "తమ్ముడితో మాట్లాడితే మాటకు మాట పెరుగుతుంది, మనసు నొచ్చుకుంటుంది. అందుకే రెండేళ్ళుగా వాడితో మాట్లాడటమే మానేసినాను స్వామీ. ఒకే ఇంట్లో ఉన్నా కొట్లాట లేదు. అయినా లోపల రోజురోజుకూ అరిగిపోతున్నా. ఎందుకు?"

ఆ సాయంత్రం నాలుగింటి బస్సుకు తమ్ముడు పెళ్ళాంబిడ్డలతో ఆదోనికి కాపురం మారుస్తున్నాడు. ఎదురుపడితే ఏం మాట్లాడాల్సి వస్తుందోనని ఓబులేసు పొద్దున్నే ఆశ్రమానికి వచ్చేశాడు. సంగతి స్వామికి తెలుసు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, "చూద్దాంలే. బండి తియ్యి, పక్కూళ్ళో పనుంది" అన్నారు.

రెండు మైళ్ళు పోయారో లేదో, మోటారుసైకిలు వెనక చక్రం గాలి దిగిపోయింది. నెలలో ఇది నాలుగోసారి. ఓబులేసుకు తల కొట్టేసినట్టయింది. తుమ్మముళ్ళ దారి గదా అని, పాత టైరు ముక్క కోసి లోపల చుట్టూ పొరలా వేసుకున్నవాడు అతను. ముందు అతను, వెనక స్వామి, బండిని తోసుకుంటూ అడ్డరోడ్డు దగ్గరున్న మస్తాన్‌బీ పంచరు అంగడికి చేరారు.

మస్తాన్‌బీ ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి నీళ్ళ తొట్టిలో ముంచింది. ఒకచోట కాదు, వరసగా బుడగలు లేచాయి. ఆమె అతుకు జోలికి పోకుండా టైరు లోపల చెయ్యి పెట్టి తడిమింది.

"ముల్లేం లేదన్నా. ఈ పొర ఎవరు వేసినారు?"

"నేనే వేసినా, ముళ్ళు దిగకుండా" అన్నాడు ఓబులేసు, కొంచెం గొప్పగానే.

ఆమె దాన్ని పీకి, కోసిన అంచు చూపించింది. ఆ అంచు ఆనిన పొడుగునా ట్యూబు ఉల్లిపొరలా పలచబడి ఉంది. "బండి కదిలినప్పుడల్లా ఇది ఒరుసుకుంటా ఉంది. ఒక్క ముల్లు దిగలేదు. నీ అడ్డే నీ ట్యూబును తినేసింది."

స్వామి గొంతుకూర్చుని ఆ అంచును బొటనవేలితో పదేపదే రాసి చూశారు. వేదాంతం చెప్పేటప్పుడు కూడా ఆయన ముఖంలో అంత ఆసక్తి తాను చూడలేదని ఓబులేసు తర్వాత మాతో అన్నాడు. కొత్త ట్యూబు మీద ఆమె పౌడరు చల్లుతుంటే, అదెందుకమ్మా అని అడిగారు.

"ఒరుసుకోకుండా, స్వామీ. రవ్వంత చల్లితే చాలు. గాలి మాత్రం తగ్గనీకూడదు."

"అయితే ట్యూబు టైరుకు ఆనుకునే ఉండాలా?"

"ఆనుకోకుంటే బండిని మోసేదెట్లా?"

ఓబులేసుకు మాత్రం మనసు ఒప్పలేదు. తీసి పారేసిన పొర వైపు చూస్తూ, "మరి ముల్లు దిగితే?" అన్నాడు.

మస్తాన్‌బీ నవ్వింది. "దిగితే దిగుతుంది. బొక్క యాడుందో తెలుస్తుంది, అతుకు వేస్తా. చుట్టూ అరిగిపోయినదానికి ఏం వేసేదన్నా?"

చక్రం బిగించడం అయ్యేసరికి మూడు దాటింది. ఓబులేసు బండి ఎక్కాడు గానీ కదల్లేదు. ముందు పక్కూరి దారి, వెనక ఇంటి దారి. స్వామి వెనక ఎక్కకుండా, పంచె ఎగగట్టుకుని పక్కూరి వైపు నడక మొదలుపెట్టారు.

"పోతే వాడు ఏదో ఒకటి అనక మానడు, స్వామీ!" అని ఓబులేసు గట్టిగా అరిచాడు.

స్వామి వెనక్కి తిరిగి కూడా చూడలేదు. "పోయి అనిపించుకో నాయనా. నాలుగు దాటితే అనేవాడు కూడా ఉండడు."