ఓబన్న సంచిలో నిప్పు

అనగా అనగా, అగ్గిపెట్టెలు ఇంకా పుట్టని కాలం. ఊఁ కొట్టండి మరి, కొట్టకపోతే కథ కదలదు. కొండ కింద పల్లెలో ఓబన్న ఉండేవాడు. వానలకు పొయ్యిలు ఆరిపోతే ఇల్లిల్లూ తిరిగి నిప్పు రాజేసి ఇచ్చేవాడు. పిడికెడు గింజలు పెడితే పుచ్చుకునేవాడు, పెట్టకపోతే నవ్వి వెళ్లిపోయేవాడు.

అతని సంచిలో ఒక ఉక్కు ముక్క, కాస్త బూరుగుదూది, పొగరంగు చెకుముకిరాయి ఉండేవి. అడుగున రంగురంగుల పలుగురాళ్లూ ఉండేవి. అవి పిల్లలు ఆడుకోవడానికని కొండ మీద ఏరినవి. వాటిని ఉక్కుకు తాకనిచ్చేవాడే కాదు.

"పొగరంగు రాయిలో పొగుంది, అందుకే నిప్పుంది. తెల్లరాయిలో పాలుండాయి. ఊదారాయిలో వంగపువ్వుంది. పాలు మండుతాయా? పువ్వు మండుతుందా?"

తాత అదే చెప్పాడు, తండ్రి అదే చెప్పాడు, ఓబన్నా అదే చెప్పాడు.

ఒక ముసురులో ఊరంతా నిప్పు ఆరిపోయింది. మంత్రసాని సుంకమ్మ తడుస్తూ పరిగెత్తుకొచ్చింది.

"ఓబన్నా, చెంచక్క బిడ్డను కనింది. బిడ్డ సల్లబడతాంది. బిరీన రా!"

ఓబన్న వాగు దాటి వెళ్లాడు. సంచిలో చెయ్యి పెట్టాడు. పొగరంగు రాయి లేదు! వాగులో జారిపోయినట్టుంది.

"రాయి లేదు సుంకమ్మా."

"సంచి నిండా రాళ్లే గదప్పా!"

"ఇవి నిప్పురాళ్లు కావు."

"అయితేనేమి? కొట్టి సూడు!"

తెల్లరాయి కొట్టాడు. రవ్వ రాలింది! ఓబన్న బిత్తరపోయాడు. నమ్మలేక ఊదారాయి కొట్టాడు. రవ్వ రాలింది! ఎర్రరాయి కొట్టాడు. రవ్వ రాలింది! దూది అంటుకుంది, పొయ్యి రాజుకుంది, కాసేపటికి బిడ్డ కేరుమంది.

అందరూ సంబరపడ్డారు. ఓబన్న మాత్రం గోడకు ఆనుకుని అయోమయంగా కూర్చుండిపోయాడు. వెనుకటి ఏడాది ఇలాంటి ముసురులోనే రాయి పోయింది. తెల్లారి కొండెక్కి ఇంకోటి వెతికి తెచ్చేలోపు అతని కూతురు చలికి చచ్చిపోయింది. ఆ రోజూ సంచిలో ఈ రాళ్లే ఉన్నాయి.

"పాలల్లో నిప్పెట్లుంటాది సుంకమ్మా? పువ్వులో నిప్పెట్లుంటాది? ఉంటే, ఆ పొద్దు నేనెందుకు కొట్టి సూడల్యా?"

పాపం సుంకమ్మ ఏడ్చింది. ఓబన్న పోయేదాకా కనబడినవాళ్లనల్లా అదే అడిగాడు.

ఇప్పటికీ ఆ పల్లెలో కాన్పయిన ఇంటి గడప ముందు, రంగు చూడకుండా చేతికందిన పలుగురాయి తీసి ఉక్కుకు కొడతారు. అగ్గిపెట్టె ఉండగా ఇదేమిటని పిల్లలు నవ్వుతారు. నవ్వనీండి. రవ్వ రాలగానే ఇంటి పెద్దావిడ మాత్రం నవ్వదు. "ఓబన్నా, ఇది నీ కూతురికి" అంటుంది. ఆ తరువాతే బిడ్డ కోసం రెండో రవ్వ కొడుతుంది.