బసవయ్య మొహం చిట్లించిన బడి

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో వానలు ముఖం చాటేసిన ఏడాది ఉందేమో గాని, అనుమానాలు పండని ఏడాది మాత్రం లేదు. అందులోనూ రేగులపాడు అనే ఊళ్ళో అవి ఏడాదికి మూడు పంటలు పండేవి.

ఆ ఊళ్ళో బసవయ్య అని ఎద్దుల బేరగాడు ఉండేవాడు. సంతలో ఎవరు ఎద్దును కొనాలన్నా ముందు బసవయ్యను పిలవాల్సిందే. ఆయన వచ్చి ఎద్దు పళ్ళు పట్టి చూసేవాడు, మెడ తడిమేవాడు, పగ్గం వదిలి నడిపించేవాడు. కొమ్ములకు నూనె రాశారా, ఉప్పునీళ్ళు తాగించి పొట్ట నింపారా, అన్నీ కనిపెట్టేవాడు. అంతా చూశాక నోటితో ఏమీ అనేవాడు కాదు. నచ్చితే తువ్వాలు సర్దుకునేవాడు, నచ్చకపోతే మొహం చిట్లించేవాడు. ఆయన మొహం చిట్లించిన ఎద్దు చుట్టూ ఈగలు తప్ప మనుషులు నిలిచేవారు కారు.

నచ్చిన ఎద్దును చూసి కూడా ధర తగ్గించడానికి ఒక్కోసారి చిట్లించేవాడు. బేరగాళ్ళకు ఆ మాత్రం ఉంటుంది లెండి.

బసవయ్యకు చుక్కమ్మ అని ఒక్కతే కూతురు. ఊరి చిన్నబడిలో చెప్పే చదువంతా ఆ పిల్లకు అయిపోయింది. పై చదువుకు ఊరి చివర నడిమి బడి ఒకటి ఉంది. పూర్వం అది రాజుగారి ఏనుగుల సాల. ఏనుగులు పోయాక రాజుగారు దాన్ని పిల్లలకిచ్చారు. రుసుము అడగరు, కులం అడగరు, ఎవరి బిడ్డయినా చేరవచ్చు. అది కాదంటే మరో బడి ఏటికి అవతల, కోట దగ్గర. అంత దూరం ఆడపిల్లను పంపేది లేదని బసవయ్య ఏనాడో తేల్చేశాడు. అంటే ఈ బడి ఉంటేనే చుక్కమ్మకు చదువు. లేకపోతే చేతికి కర్ర ఇచ్చి గొడ్ల వెంట పంపడమే.

ఆ ఏడు రాజుగారు చాటింపు వేయించారు. తొలకరి పడేనాటికి కొత్త పిల్లలెవరూ చేరని బడులను మూసేస్తారట.

"నాన్నా, రేపు చేరనా?" అని అడిగింది చుక్కమ్మ.

"ఉండు తల్లీ. ఊరికే చదువు చెబుతామంటున్నారంటే అందులో ఏదో ఉండే ఉంటుంది. ఎద్దును చూసినట్టయినా చూడకుండా నిన్ను ఎట్లా అప్పగిస్తాను?" అన్నాడు బసవయ్య.

అది తప్పు మాటేం కాదు. కన్నతండ్రి చూడాల్సిందే. కాని ఎలా చూశాడో వినండి.

చెప్పకుండా వెళితేనే అసలు రంగు బయటపడుతుందని మొదటిసారి చెప్పాపెట్టకుండా వెళ్ళాడు. గోడకు సున్నం పెచ్చులూడిపోయి ఉంది. పెంకులు జరిగిన చోట ఆకాశం కనబడుతోంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు మూడు వరుసలుగా చాపల మీద కూర్చున్నారు. మూడు వరుసలకూ పంతులమ్మ ఒక్కతే. ఆవిడ పేరు వకుళమ్మ.

"రండి బసవయ్యగారూ, లోపలికొచ్చి కూర్చోండి," అంది ఆవిడ.

"ఫర్వాలేదమ్మా, దారిన పోతూ ఆగానంతే."

'అమ్మేవాడు ఎద్దుకు ఒళ్ళయినా తోమలేదంటే, దాని మీద ఆశ వదిలేసుకున్నట్టే,' అనుకున్నాడు బసవయ్య. మొహం చిట్లించి బయటికొచ్చాడు. ఎదురుగా గానుగ దగ్గర కూర్చున్న వీరన్న ఆ మొహం చూశాడు. మర్నాడు వీరన్న కొడుకు బడికి రాలేదు.

రెండోసారి బసవయ్య ముందే కబురు పెట్టి వెళ్ళాడు. ఈసారి బడి శుభ్రంగా ఊడ్చి ఉంది, గుమ్మంలో ముగ్గు కూడా ఉంది. 'ఓహో! నేనొస్తున్నానని కొమ్ములకు నూనె రాశారన్నమాట!' అనుకున్నాడు. ఊడవకపోతే అదొక తప్పు, ఊడిస్తే ఇదొక తప్పు. అనుమానం వచ్చిన కంటికి ఏం చూపించి ఒప్పించగలం?

ఆయన ఒక పిల్లను ఏదో అడిగితే "తెలియదండీ" అంది. వకుళమ్మ కసురుకోలేదు. "రేపటికి తెలుసుకుందాంలే," అంది.

బసవయ్య సూటిగా అడిగాడు. "ఈ బడిలో లోపాలేమిటో చెప్పమ్మా."

"కప్పు కారుతుందండీ. పెద్దవానొస్తే పిల్లల్ని ఇళ్ళకు పంపేస్తాను. మూడు తరగతులూ నేనే చూడాలి గనుక ఒక వరుసకు చెబుతుంటే మిగతా వరుసలు కాచుకోవాలి. లెక్కలు బాగానే చెబుతాను. పాట మాత్రం నాకు రాదు, పిల్లలే నాకు నేర్పుతుంటారు," అంది వకుళమ్మ.

బసవయ్యకు అనుమానం రెట్టింపయింది. ఇన్నేళ్ళు సంతలు తిరిగాడు గాని, అడగ్గానే లోపం చెప్పినవాణ్ణి ఒక్కణ్ణి చూసి ఎరుగడు. 'చిన్నవి చూపించి పెద్దదేదో దాస్తోంది!' అనుకుని, మొదటిసారి కంటే గట్టిగా చిట్లించి బయటికొచ్చాడు. ఆ వారంలో ఇంకా కొందరు పిల్లలు మానేశారు.

మూడోసారి పగ్గం వదిలి చూద్దామనుకున్నాడు. కాపరి లేనప్పుడే గదా ఎద్దు బుద్ధి తెలిసేది! వెనక కిటికీ దగ్గర తుప్పల్లో నక్కి లోపలికి తొంగిచూశాడు. పంతులమ్మ లేదు! దొరికిపోయిందని సంబరపడ్డాడు. కాని ఆవిడ వెళ్ళింది వీరన్న ఇంటికే, పిల్లవాణ్ణి ఎందుకు మానిపించారో కనుక్కుందామని.

లోపల ఒక పెద్దపిల్ల బెల్లం అచ్చు విరిచి చిన్నవాళ్ళకు పావు భాగం, సగభాగం చెబుతోంది. ఇద్దరు పలక కోసం గుంజుకున్నారు. మూడోవాడు లేచి చెరి కాసేపని తీర్పు చెప్పాడు. చదువు సాగుతూనే ఉంది.

'నా నీడ చూసి నటిస్తున్నారు,' అనుకున్నాడు బసవయ్య. ఎండ ఎదురుగా ఉంది మరి, నీడ ఆయన వెనక తుప్పల మీద పడింది. ఆ సంగతి ఆయనకు తట్టలేదు. మూడో చాప సగం ఖాళీగా ఉండటం మాత్రం బాగా కనబడింది.

ఇంటికొచ్చి కూతురితో అన్నాడు, "చూశావా? బాగున్న బడే అయితే జనం పిల్లల్ని ఎందుకు మానిపిస్తారు?"

చుక్కమ్మ ఆ పూట సరిగ్గా అన్నం తినలేదు.

తొలకరి మబ్బులు పట్టాయి. పరగణా అధికారి తాళంకప్ప పట్టుకుని బడి ముందుకు వచ్చాడు. ఊరంతా పోగయింది.

హాజరుపట్టీ చూసి, "నీ కొడుకునెందుకు మానిపించావు?" అని వీరన్ననడిగాడు.

"బసవయ్య మొహం చిట్లించాడు దొరా. ఆయన చూపు తప్పదు."

"నువ్వెందుకు మానిపించావు?" అని కోటమ్మనడిగాడు.

"వీరన్న మానిపించాడు గదా అయ్యా."

"మరి నువ్వో?" అని సన్నాసిని అడిగాడు.

"అందరూ మానిపిస్తుంటే నా పిల్ల ఒక్కతే ఎందుకని దొరా."

అధికారి బసవయ్య వైపు తిరిగాడు. "నీకు కనబడిన లోపమేమిటయ్యా?"

"కప్పు కారుతుందండీ."

"ఎవరు చెప్పారు?"

"పంతులమ్మే చెప్పింది. మూడు తరగతులకూ ఒక్కతేనని కూడా ఆవిడే చెప్పింది."

"ఆవిడ చెప్పినవి సరే. నువ్వు కనిపెట్టిందేమిటి?"

"పిల్లలు తగ్గిపోతున్నా..." అని సగంలో ఆగిపోయాడు బసవయ్య. వీరన్న మొహం చూశాడు, కోటమ్మ మొహం చూశాడు, సన్నాసి మొహం చూశాడు. ఆ పిల్లల్ని మానిపించింది తన నుదుటి ముడతేనని అప్పటికి అర్థమైంది. సిగ్గుతో తల వాలిపోయింది.

"దొరా, తప్పు నాది. ఈ బడి మంచిది. పంతులమ్మ లేనప్పుడు కూడా పిల్లలు చదువుకోవడం నా కళ్ళతో చూశాను," అన్నాడు.

అధికారి కళ్ళు చిన్నవి చేశాడు. "ఇన్నాళ్ళు చిట్లించి ఇప్పుడు పొగుడుతున్నావే! ఆవిడ నీకు చుట్టమా? ఎద్దుల బేరగాడి మాట నేను నమ్మను," అని తాళం ఎత్తాడు.

నిజం చెప్పినా నమ్మకపోతే ఎలా ఉంటుందో బసవయ్యకు అప్పుడు తెలిసింది. వకుళమ్మ వైపు చూడలేకపోయాడు.

జనంలో ఉన్న చుక్కమ్మను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. మొదటి చాప మీద కూర్చోబెట్టాడు.

"దొరా, నా మాట నమ్మకండి. నచ్చని ఎద్దు ముందు కూడా తువ్వాలు సర్దుకుని, దాన్ని మరొకరికి అంటగట్టిన రోజులు నాకూ ఉన్నాయి. కాని ఇది నా బిడ్డ. దీన్ని నేను ఎవరికీ అంటగట్టను," అన్నాడు.

అధికారి ఆ తండ్రినీ, చాప మీద బిగుసుకు కూర్చున్న పిల్లనూ చూశాడు. "కొత్తపిల్ల ఒకతె చేరింది. ఆజ్ఞ ప్రకారం ఈ ఏడు మూయడానికి లేదు," అని తాళం సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు బసవయ్య పెంకులు సర్దడానికి బడి పైకెక్కాడు. కోటమ్మ తన పిల్లను మళ్ళీ పంపింది. సన్నాసి కూడా పంపాడు, అందరూ పంపుతున్నారని.

వీరన్న మాత్రం పంపలేదు. బసవయ్య ఆయన ఇంటికి వెళ్ళి బతిమాలాడు. "మంచి బడి వీరన్నా. నీ కొడుకు చదువు పాడుచెయ్యకు. నేను చూసి చెబుతున్నాను."

వీరన్న ఆయన మొహంలోకి గుచ్చి గుచ్చి చూశాడు. మెల్లిగా దగ్గరికొచ్చి చెవిలో అడిగాడు: "నిజం చెప్పు బసవయ్యా, ఇందులో నీ బేరం ఏమిటి?"

ఆ ఏడంతా వీరన్న కొడుకు గొడ్లు కాశాడు. బడికి వెళ్ళే దారిలో చుక్కమ్మకు రోజూ కనబడేవాడు.

బిడ్డను చేర్చేముందు బడిని పరీక్షించి చూడటం పెద్దల ధర్మమే. కాని చూసిన మంచిని నోట చెప్పకుండా మొహం మాత్రం చిట్లిస్తే, ఆ చిట్లింపు పక్కింటి బిడ్డ చదువును కూడా మింగేస్తుంది.